నరం మీది పొర

మత్తు పట్టడానికి అయిదు నిమిషాలు పడుతుందమ్మా, ఈలోగా మీరు బాగా గుర్తు తెచ్చుకోండి, అన్నాడు డాక్టర్ దేవీప్రసాద్. మీ ఇంట్లోగాని, ఇంటికి వచ్చిపోయేవాళ్లలోగాని, పనిచేసినవాళ్లలోగాని, ఈ జబ్బున్న మనిషి ఎవరైనా ఉన్నారా? ఇందాక లేరన్నారు. కుట్లు వేసేటప్పుడు ఇంకోసారి అడుగుతాను, కార్డులో రాయాలి. గౌరీశ్వరి తల ఊపింది. ఊపిన సంగతి ఆయనకు కనపడి ఉండదు, ఎందుకంటే ఆమె మెడ దగ్గర ఇనప కడ్డీకి వేలాడదీసిన ఆకుపచ్చ గుడ్డ ఒకటి ఇద్దరికీ మధ్య అడ్డంగా ఉంది. కుడి చెయ్యి ఆ గుడ్డకు అవతల, పక్కకు బిగించిన చెక్క మీద చాపి ఉంది. సూది బొటనవేలి వైపు గుచ్చినప్పుడు చురుక్కుమంది. చిటికెనవేలి వైపు ఎప్పుడు గుచ్చారో తెలియలేదు. తెలియకపోవడం కొత్త కాదు. ఆ వైపు సగం చెయ్యి ఏడాదిగా అలాగే ఉంది. తెలియని చోట తెలియకుండా మందు పొయ్యడమేమిటో అనుకుంది, అనుకుని, అది హాస్యంగా ఉందని కూడా అనుకుంది, కాని పెదవి కదలలేదు.

మొదట తెలిసింది ఉప్పుతో. ఆమె వంటలో ఉప్పు చెంచాతో వేసేది కాదు, అరచేతిలో పోసుకుని వేసేది. పప్పుకి ఇంత, పులుసుకి ఇంత, ఇరవయ్యేళ్లలో ఒక్కరోజు తేడా రాలేదు. అలాంటిది నిరుడు వేసవిలో భర్త గురునాథరావు బి షిఫ్టుకి వెళ్లబోతూ కంచం ముందు కూర్చుని, ఉప్పు తక్కువైందోయ్ అన్నాడు. మర్నాడు మళ్లీ అన్నాడు. మూడోనాడు ఆమె స్టవ్వు ముందు నిలబడి తన చేతినే పరీక్షగా చూసుకుంది. చిటికెనవేలు పక్క వేలికి ఆనడం లేదు. ఆ సందులోంచి ఉప్పు సన్నగా జారి, స్టవ్వు పక్కనున్న గట్టు మీద పడుతోంది. వేలిని దగ్గరికి లాక్కోవాలని చూసింది, అది రాలేదు. ఆ తర్వాత ఇడ్లీ పాత్ర మూత. తీసి పక్కన పెడుతుంటే ఏదో మాడుతున్న వాసన వచ్చింది, పాలు పొంగాయేమోనని వెనక్కి తిరిగింది, పాలు స్టవ్వు మీద లేవు, కాలుతున్నది మూత పట్టుకున్న తన వేలే. ఆమెకు నొప్పే లేదు, అదే వచ్చిన చిక్కు. గాజువాకలో ఒక ప్రైవేటు డాక్టరు మెడ ఎముకల అరుగుదల అని చెప్పి, బలానికి మాత్రలిచ్చి, మెడకు పట్టీ వేయించాడు. పది నెలలు ఆమె ఆ పట్టీతోనే ముగ్గు వేసింది, బట్టలు ఆరేసింది, కూతురు హిమ పరీక్షల పుస్తకాలకు అట్టలు వేసింది. హిమబిందుకి పదిహేనేళ్లు. అమ్మా, చిటికెనవేలు అలా వంకరగా పెడుతున్నావేంటి, స్టైలా, అని నవ్వింది. ఆమె నవ్వలేదు. స్టైలే, అంది.

గుడ్డ అవతల సిస్టర్ మహేశ్వరి ఏదో పళ్లెంలో సర్దుతోంది, ఇనుము మీద ఇనుము పెట్టిన చప్పుడు. "సార్, రుషికొండ కాడ స్థలం సూసొచ్చామండి మొన్న. మా ఆయన కొనేద్దావంటన్నాడు." "కొనెయ్యండి మరి." "ఏటి కొంటాం సార్, సగం కొండ మీదుంది, సగం సముద్రంలో ఉంది. మద్దిలో కూకోడానికి సోటు నేదు." డాక్టరు ముక్కుతో నవ్వాడు. అమ్మా, గిచ్చుతున్నాను, తెలుస్తోందా? లేదండీ. ఇప్పుడు? లేదు. సరే, మొదలుపెడుతున్నాను. ఆమె పైకప్పు వంక చూసింది. పెచ్చు ఊడిన చోట ఒక మరక ఉంది, దాని అంచులు గోధుమరంగులో, మధ్య తెల్లగా. వారం కిందట ఈ డాక్టరే ఆమె మోచేతి వెనక ఎముక పక్కన వేలు పెట్టి అటూ ఇటూ దొర్లించి, ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి అన్నాడు. పురికొసలాంటిది చర్మం కింద దొర్లింది. రెండో చేతిలో అలా లేదు. మణికట్టు వెనకనుంచి చిటికెనవేలి వైపు పోయే సన్నని కొమ్మ కూడా ముడిపడ్డ దారంలా తగిలింది. ఒంటి మీద మచ్చ ఏదీ లేదమ్మా, కొంతమందికి మచ్చ లేకుండా నరంలోనే ఉంటుంది, అందుకే ఎవరూ కనిపెట్టలేదు, ఆ కొమ్మలోంచి చిన్న ముక్క తీసి చూస్తేనే ఖాయంగా చెప్పగలం. ఆ కొమ్మ ఎలాగూ పనిచెయ్యడం లేదు, తీసినందువల్ల కొత్తగా పోయేదేమీ లేదు. మందులు మొదలుపెడితే జబ్బు పోతుంది. పోయిన స్పర్శ అంతా వెనక్కి వస్తుందని మాత్రం నేను చెప్పలేను. జబ్బు పేరు ఆయన తెలుగులో చెప్పలేదు, లెప్రసీ అన్నాడు. తెలుగులో దానికి ఉన్న పేరు ఆమె చిన్నప్పుడు ఇళ్లలో ఎవరూ పెద్దగా అనేవారు కాదు, పెద్దరోగం అనేవారు, అదీ గొంతు తగ్గించి.

మందుల చీటీ వెనక్కి తిప్పి ఆయన ఒక బొమ్మ గీశాడు. కరెంటు కేబులు ఉంటుంది చూడండి, అలాగన్న మాట. పైన అంతటినీ కలిపి చుట్టిన వదులు పొర ఒకటి. లోపల ఒక్కో పోగునీ అంటిపెట్టుకున్న సన్నని పొర ఒకటి. ఈ రెంటికీ మధ్య, పోగులన్నీ కట్టలు కట్టలుగా ఉంటాయి కదా, ఒక్కో కట్టనీ బిగించి చుట్టిన పొర ఇంకొకటి. ఉల్లిపాయ రేకుల్లా పొర మీద పొర. అసలు కాపలా అదే. బయటిదేదీ లోపలికి రానివ్వదు. పెరిన్యూరియం, అనుకుంది ఆమె, పైకి అనలేదు. చెప్పనిచ్చింది. ఎపి, పెరి, ఎండో. ఇరవై రెండేళ్ల కిందట బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరంలో ఇవే మూడు పేర్లు పరీక్ష కాగితంలో రంగు పెన్సిళ్లతో బొమ్మ వేసి రాసింది. ఈ సూక్ష్మజీవి ఎలాగో ఆ కాపలా దాటి కట్టలోకి పోతుందమ్మా, పోయాక లోపల వాపు మొదలవుతుంది, ఈ పొర సాగదు, ఇంకా ఇంకా దళసరెక్కుతుంది, పోగులు లోపలే నలిగి చచ్చిపోతాయి. చాలా ఏళ్లు పడుతుంది. బయటికి ఏమీ కనపడదు. అప్పుడామె అడిగింది, ఎవరి దగ్గర్నుంచి వస్తుందండీ అని. చెప్పలేమమ్మా, అన్నాడాయన. నూటికి తొంభై అయిదు మందికి అంటుకోనే అంటుకోదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు కావచ్చు, ఎవరైనా కావచ్చు. మేము అడిగేది ఎవరిచ్చారని నిలదియ్యడానికి కాదు. మందు వేసుకోనివాళ్లు ఎక్కడైనా ఉంటే వేయించడానికి.

ఒక వాసన వచ్చింది. ఎవరో సీసా మూత తీశారు. ఫార్మలిన్. కళ్లు మూసుకోకుండానే ఆమె జువాలజీ లాబ్‌లో ఉంది, పొద్దుట పదకొండు గంటలు, పొడవాటి బల్లలు, మైనం పోసిన ట్రేలు, కిటికీలోంచి ఉప్పుగాలి. రేవు నుంచి పోతమ్మ గంపలో సొరపిల్లల్ని తెచ్చి గుమ్మంలో దించేది. అమ్మాయికొక సొరపిల్ల. తల చీరి, కంటి వెనకనుంచి దవడలోకి పోయే నరాలు, మొప్పలకు పోయే నరాలు, అన్నీ తెల్లగా తేల్చి, ఒక్కో నరం కింద నల్ల కాయితం ముక్క పెట్టి చూపించాలి. పోతమ్మ గంప బోర్లించి దాని మీద కూర్చుని చూసేది. "ఒక్క సేపని కొయ్యడానికి రొండు గంటలేటమ్మా మీకు. ఈపాటికి నానైతే పులుసెట్టి, తినేసి, గిన్ని కడిగేద్దును." అందరూ నవ్వేవారు, అనూరాధ మేడం కూడా. గౌరీశ్వరి తల ఎత్తేది కాదు. ఆమెకు నరాల మీద పొర ఉండటం నచ్చేది కాదు. పాలమీగడలాంటి ఆ పొరని చిన్న పట్టుకారుతో పట్టి, సన్నగా, ఒక్క పోగు కూడా తెగకుండా లాగేసేది. తక్కిన అమ్మాయిల నరాలు బూడిదరంగులో ఉంటే ఆమెవి మల్లెమొగ్గల్లా ఉండేవి. ఆఖరి పరీక్షకి బయటి కాలేజీ నుంచి వచ్చినాయన ఆ ట్రే దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత సూదితో ఒక నరాన్ని ఎత్తాడు. అది ఎక్కడికక్కడ పీచుపీచుగా విడిపోయింది. పొర తీసేస్తే నరం ఉండదమ్మా, పీచు ఉంటుంది, అన్నాడు. ఒక్క మార్కు తగ్గించాడు. ఆ ఒక్క మార్కు ఆమెకు పెళ్లి పీటల మీద కూడా గుర్తుకొచ్చింది, పురిటి గదిలో గుర్తుకొచ్చింది. తప్పు చేసినందుకు కాదు, అంత శుభ్రంగా చేసినదాన్ని తప్పన్నందుకు.

అమ్మా, నరం పట్టుకున్నాను, అన్నాడు డాక్టరు. మత్తు ఇచ్చినా ఒక్కోసారి లాగినట్టుంటుంది, భుజం దాకా జిల్లుమంటుంది, చెప్పండి. ఆమె ఎదురుచూసింది. జిల్లుమంటే బాగుండునని మనసారా కోరుకుంది. ఏమీ లేదు. ఏమైనా ఉందా? లేదండీ. గుడ్డ అవతల ఒక్క క్షణం చప్పుడాగింది, కత్తెర పెట్టారని తెలిసింది. వరహాలు పాల గిన్నె పట్టుకున్నప్పుడు కూడా ఇలాగే ఒక్క క్షణం ఇల్లంతా ఆగింది.

అనుకోకూడదనుకుంది. కాని దాని చుట్టూ ఎంతసేపని తిరగడం. తొంభై మూడు ఆఖర్లో ఇంటిపనికి చేరింది వరహాలు. ఉక్కునగరంలో సెక్టారు చివరి వరస క్వార్టరు వాళ్లది, వెనక ప్రహరీ పక్కన ఒక ముసలి జీడిమామిడి చెట్టు. పనిలోకి వచ్చిన మొదటిరోజే వరహాలు ఆ చెట్టు దగ్గరకెళ్లి బెరడు మీద చెయ్యి వేసి, "ఇది మాదేనమ్మా" అంది. "మీ ఇల్లున్నకాడే మా జీడితోట. మా మాఁవ నాటినాడు. ప్లాంటోల్లు ఊరు కాలీ సేయించినప్పుడు అన్నీ కొట్టీసినారు, ఇదొక్కటీ ఎలాగుండిపోనాదో." కంపెనీ ఇచ్చిన కాలనీలో ఉంటున్నామంది, ఉద్యోగం మరిదికి వచ్చిందంది. ఎండాకాలం పళ్లు రాలితే ముందు అడిగి గాని ఒక్కటీ ఏరుకునేది కాదు. హిమని చంకనేసుకుని చెట్టు కింద తిప్పేది, అయిదేళ్ల పిల్ల, చంకలో ఎందుకే అంటే, "దీన్ని దించితే నా నడుం సలవెక్కుతాదమ్మా" అనేది. ఆ తర్వాత ఏడాదికి, ఒక పొద్దుట, స్టవ్వు మీద పొంగుతున్న పాల గిన్నెని గుడ్డ లేకుండా, పట్టుకారు లేకుండా, ఉత్తచేత్తో దించి గట్టు మీద పెట్టింది. పెట్టి, వేళ్లు చీరకు తుడుచుకుని, "అమ్మా, పాలు" అంది.

చదువుకున్నది కనక గౌరీశ్వరి కంగారు పడలేదు. ఒకసారి చూసినదాన్ని నమ్మకూడదు. రెండు రోజులాగి, వరహాలు టీ తాగే స్టీలు గ్లాసు, పెరటి గట్టు మీద బోర్లించి ఉండే గ్లాసు, మరుగుతున్న టీతో అంచుదాకా నింపి, చీరచెంగుతో పట్టుకుని గట్టు మీద పెట్టింది. పెట్టి, కిటికీ దగ్గరికెళ్లి నిలబడింది. వరహాలు కుడిచేత్తో గ్లాసు చుట్టూ వేళ్లు చుట్టి తీసుకుంది. చిటికెనవేలు, ఉంగరంవేలు కొంచెం వంగి గ్లాసుకు అతుక్కున్నాయి. చూపుడువేలు మాత్రం ఎందుకో పైకి లేచింది. చెట్టు వంక చూస్తూ, ఊదుకుంటూ, నిదానంగా తాగింది. మర్నాడు గౌరీశ్వరి మళ్లీ అలాగే చేసింది. ఒక పరీక్షని రెండుసార్లు చెయ్యాలి. మూడోనాడు వరహాలు రెండు వేళ్ల లోపలి వైపు బొబ్బలు చూపించింది. "ఇదేటమ్మా, ఇలాగెక్కినాది? నానేటీ ముట్టుకోనేదే. మా ఇంటికాడ పొయ్యి తగిలుంటాది." ఉంటుంది, అంది గౌరీశ్వరి. కాలిన గాయాలకు రాసే మందు గొట్టం తెచ్చి ఇచ్చింది. చేతికివ్వలేదు, గట్టు మీద పెట్టింది. ఆ నెలాఖరుకి, పాప పెద్దదైంది వరహాలూ, ఇంక పని నేనే చేసుకుంటాను, అని కొత్త చీర ఒకటి పెట్టింది. వరహాలు చీర మడత విప్పలేదు. "నాను ఏటైనా తప్పు సేసానా అమ్మా?" లేదు. "గ్లాసులు సరిగ్గా తోమనేదా?" అదేం కాదు. "పాపని తిడితిననా? తిట్నేదమ్మా. ముద్దుకన్నాను." కాదే, అంది, వెళ్లు. వెళ్లాక ఆ గ్లాసుని నీళ్లలో వేసి గంటసేపు మరిగించింది. అప్పటికీ లోపల పెట్టుకోబుద్ధి కాక, జీడిమామిడి చెట్టు మొదట్లో గొయ్యి తీసి పాతిపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. గురునాథరావుకి కూడా చెప్పలేదు. పక్క క్వార్టర్లవాళ్లకి చెబితే ఆ మనిషికి ఎక్కడా పని దొరకదు, చెప్పకపోవడమే మేలు చెయ్యడమని తనకు తాను చెప్పుకుంది. ఎనిమిదేళ్లు అలాగే చెప్పుకుంది.

బస్టాండు ఎదుటి గోడ మీద పసుపురంగు అక్షరాలు ఉండేవి. స్పర్శ లేని మచ్చలుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి, మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ఊళ్లోకి వెళ్లినప్పుడల్లా బస్సు కోసం నిలబడి ఆ గోడ చదివింది. చదవడం వచ్చినదానికి చదవకుండా ఉండటం రాదు. వరహాలుకి చదవడం రాదు. వెనక వరసలో ఎవరో పనిలో పెట్టుకున్నారు, కొన్ని నెలలు సాయంత్రం పూట రోడ్డు మీద కనపడేది. ఒకసారి బస్సులో ముందు సీట్లో ఉంది. టిక్కెట్టుని వేళ్లతో పట్టుకోలేక, బొటనవేలికీ అరచేతికీ మధ్య నొక్కిపట్టి కూర్చుంది. ఆ వేళ్లు అప్పటికి గోళ్లు అరచేతిలోకి తిరిగి ఉన్నాయి. గౌరీశ్వరి వెనక తలుపులోంచి దిగిపోయింది, తన స్టాపు ఇంకా రాలేదు. ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఏడాదిపాటు మందు బిళ్లలు. ఆ చెయ్యి అంతవరకు రాకుండా ఆగేది. డాక్టరు మొదటి వాయిదా మందులతోనే ఇంకొకరికి అంటించే శక్తి పోతుందన్నాడు. అంటే హిమకి భయం తప్పేది. అంటే తనకీ తప్పేది. కాదు, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పలేమన్నాడు కూడా. వరహాలు నుంచే వచ్చిందని అనుకోవడం కూడా ఆమెకు ఒకలాంటి ఊరటగా ఉందని తెలిసి, తన మీద తనకే రోత పుట్టింది. వచ్చినా రాకపోయినా గ్లాసు గ్లాసే. నింపినది తను. కిటికీ దగ్గర నిలబడినది తను.

వసారాలో గురునాథరావు ఉన్నాడు, షిఫ్టు మార్చుకుని వచ్చాడు. నరం నొక్కుకుపోయింది, సరిచేస్తారు అనుకుంటున్నాడు. జబ్బు పేరు ఎలాగూ ఇవాళో రేపో ఆయనకు తెలుస్తుంది, ఆయన్నీ హిమనీ కూడా డాక్టరు పరీక్షించాలన్నాడు. ఆయన ఏమంటాడో తెలియదు. కాని ఇంటికెళ్లాక తన గ్లాసు ఎక్కడ పెడతాడో చూస్తుంది. చూడకుండా ఉండలేదు. అది భరించగలదు. వరహాలు పేరు చెబితే మాత్రం గ్లాసు సంగతి చెప్పాలి. లేరండీ, ఎవరూ లేరు, అని ఇంకోసారి అంటే చాలు, కార్డులో అడ్డగీత గీస్తాడు, అక్కడితో సరి. ఇరవై రెండేళ్లుగా ఏ పనీ వంకరగా చెయ్యలేదన్న పేరుంది ఆమెకు. ఆ పేరు అలాగే ఉంటుంది. హిమకి అమ్మ అలాగే ఉంటుంది.

ముక్క వచ్చింది, అన్నాడు డాక్టరు. సిస్టర్, సీసా. టప్ మని చిన్న చప్పుడు. చూస్తారా అమ్మా, అని అడగకుండానే మహేశ్వరి గుడ్డ పక్కనుంచి సీసా చూపించింది. "ఇదిగోనమ్మా, దారపు ముక్కంత. దీనికే ఇన్నాల్లు తిప్పలు." ఆ తేటనీళ్లలో చిన్న తెల్లటి పోగు, కొస దగ్గర కాస్త లావుగా, నిదానంగా అడుక్కి దిగుతోంది. మల్లెమొగ్గలా లేదు. బూడిదరంగులో, పొరతో సహా ఉంది. సూది చర్మంలోంచి దూరి లాగుతున్న కదలిక భుజానికి తెలుస్తోంది. ఒకటి, అన్నాడాయన, రెండు. మూడు. నాలుగోది వేస్తుండగా గొంతు మార్చకుండా అడిగాడు. "ఏమమ్మా, గుర్తొచ్చిందా? ఎవరైనా?"

గౌరీశ్వరి పైకప్పు మీది మరక వంక చూస్తూ, "వరహాలు" అంది.

సూది ఆగింది. "ఎవరు?"

"మా ఇంట్లో పనిచేసింది. తొంభై అయిదు దాకా. కుడిచేతి వేళ్లు రెండు వంగిపోయాయి. వేడి తెలిసేది కాదు."

"మీకప్పుడే తెలుసా?"

"తెలుసు." ఆ మాట తర్వాత ఇంక తేలిగ్గా వస్తుందనుకుంది. రాలేదు. "వేడి తెలుస్తుందో లేదో చూడ్డానికి మరిగే టీ ఇచ్చాను. రెండు రోజులు."

డాక్టరు నాలుగో కుట్టు ముడి వేశాడు. తర్వాత మహేశ్వరి అట్ట తీసుకుని, "ఇంటిపేరు సెప్పండమ్మా" అంది. తెలియదు. "మొగుడి పేరేటి?" తెలియదు. రెండేళ్లు రోజుకి రెండు పూటలా ఆ మనిషి ఇంట్లోకి వచ్చింది, ఆమె తోమిన కంచాల్లో తిన్నారు, ఆమె చంకలో పిల్ల నిద్రపోయింది. కాలనీ పేరు? కంపెనీ ఇచ్చిన కాలనీ. "ఆ కాలనీలు శానా ఉన్నాయి కదమ్మా. ఏ ఊరోల్లు? ఊరి పేరు సెప్పినా ఎతుకుతారు." ఊరు. సొర తలలో పది నరాల పేర్లు వరసగా చెప్పగలదు, ఇప్పటికీ. ఆ ఊరి పేరు వరహాలు చెప్పే ఉంటుంది, చెట్టు మీద చెయ్యి వేసి ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో. విన్నది తను. పట్టించుకోనిది తను.

"మా ఇల్లున్న చోటే," అంది. "ఆ ఊరు ఇప్పుడు లేదు."

మహేశ్వరి పెన్ను కాయితం మీద అలాగే ఆగింది. డాక్టరు రాయి సిస్టర్ అన్నాడు. వరహాలు, నిర్వాసితుల కాలనీ, ఏదో తెలియదు, కుడిచేతి రెండు వేళ్లు, అని రాయి. కాలనీలన్నిటికీ మనిషిని పంపుదాం. ఎనిమిదేళ్లయింది అంటున్నారు. ఉంటే దొరుకుతుంది. ఆ మాటలో ఉంటే అన్నది ఎంత మెల్లగా అన్నాడో ఆమె విన్నది. నేను కూడా వెళ్తానండీ, అంది, నేను చూస్తే గుర్తుపడతాను. ఆయన చేతితొడుగులు విప్పి బకెట్లో వేసి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆకుపచ్చ గుడ్డ తీసేశారు. చెయ్యి మణికట్టు దగ్గర తెల్లటి కట్టుతో, ఎవరో తెచ్చి పక్కన పడుకోబెట్టినట్టుంది. మహేశ్వరి ఆమెను లేపి, గోడవార బల్ల మీద కూర్చోబెట్టి, తలుపు సందులోంచి వసారాలోకి తొంగిచూసి, "అయిపోనాదండి, కూకోండి, టీ తాగి వత్తారు" అని గురునాథరావుకి చెప్పింది. ఫ్లాస్కులోంచి స్టీలు గ్లాసులోకి టీ వంచింది. పొగలు వస్తున్నాయి. గౌరీశ్వరి అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాపింది, కట్టుతో ఉన్న ఆ చెయ్యినే. వేళ్లు గ్లాసు చుట్టూ వెళ్లబోతున్నాయి.

"ఆ సేత్తో వద్దమ్మా." మహేశ్వరి గ్లాసు వెనక్కి లాక్కుంది. "తెల్దు మీకు. కాలిపోతాది." పక్కనున్న డబ్బాలోంచి కట్టు కట్టే గాజు గుడ్డ ముక్క ఒకటి తీసి, నాలుగు మడతలు పెట్టి, గ్లాసు చుట్టూ ఒకసారి చుట్టింది. వదులుగా ఉందని మళ్లీ ఇంకో చుట్టు చుట్టింది. చుట్టి, ఆమె ఎడమచేతిని తన చేత్తో పట్టుకుని, గ్లాసు దాన్లో పెట్టి, గట్టిగా పట్టుకుందో లేదో చూసేదాకా వదల్లేదు.

పట్టుకుని కూర్చుంది. తాగలేదు. గుడ్డ పొరల్లోంచి వేడి మెల్లగా, మెల్లగా అరచేతిలోకి వచ్చింది.